ఆయుధ సేకరణము - శ్రావక ధర్మము

బళ్లారి జిల్లా సండూరు తాలూకాలోని దోణిమలైకి వెళ్లినవారు తిరిగి వచ్చునప్పుడు తమతో కొంత కొండను తెచ్చుకొందురు. చెప్పుల అంచులకు, పంచె కుచ్చెళ్లకు, బస్సు అద్దములకు అక్కడి ఎర్రని ఇనుపధూళి అంటుకొని వచ్చును. జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థ 1977లో అక్కడ గని పని ప్రారంభించినది. ఆ సంస్థ ప్రధాన కార్యాలయము హైదరాబాదులో ఉన్నది. బళ్లారి ప్రాంతమున తెలుగువారు తరతరములుగా ఉన్నారు. కనుక ఆ కొండమీది ఉద్యోగుల కాలనీలో తెలుగు మాట వినబడుట వింత కాదు.

అట్టి కాలనీలో ఒక జైన కుటుంబపు యువకుడు ఉన్నాడనుకొనుడు. గనిలో యంత్రముల పని. తండ్రికి బళ్లారిలో ఇనుప సామానుల దుకాణము కలదు. మేకులు, తీగ, గడ్డపారలు, నాగటి కర్రులు అమ్మును. తాతగారు పోయిన పిమ్మట ఆయన పెట్టెలో పాత వెబ్లీ రివాల్వరు ఒకటి దొరికినది. బళ్లారి మద్రాసు రాష్ట్రములో ఉన్న రోజులలో, సంతల నుండి రొక్కము తెచ్చుకొనునప్పుడు తోడుగా ఉండుటకు లైసెన్సు మీద కొన్నది. ఆయన దానిని పేల్చగా చూచినవారు ఇంటిలో ఎవరును లేరు. యువకుడు తన పేర లైసెన్సు తెచ్చుకొన్నాడు. భూతద్దము పెట్టి దానిమీది ముద్రలు చదివినాడు. అక్కడితో ఆగలేదు. పుస్తకములు తెప్పించినాడు, ప్రపంచ సైన్యముల పిస్తోళ్లు, వాటి తయారీలోని తేడాలు నోటు పుస్తకములలో ఎక్కించుకొనుట మొదలుపెట్టినాడు. ఇంకొకటి దొరికిన కొనవలెననియు తలపు పుట్టినది.

తండ్రికి ఇది నచ్చలేదు.

"ఒరేయ్, పర్యూషణం దగ్గరికొచ్చింది. ఇంట్లో దీన్ని పెట్టుకొని ప్రతిక్రమణకు ఎట్లా కూర్చుంటావురా?"

"దీనితో నేనెవర్ని కాలుస్తాను నాన్నగారూ? తూటా ఒక్కటి కూడా లేదు. పాత నాణేలు కూడబెట్టేవాణ్ణి ఎవరూ పాపి అనరు గదా?"

"నాణెం చేసింది ఇచ్చి పుచ్చుకోడానికి. ఇది చేసింది చంపడానికి."

ఇద్దరి మాటలోను బలము కలదు. కనుక తొందరపడి ఒకరి పక్షము పట్టుట న్యాయము కాదు.

సైనిక పిస్తోళ్లను సేకరించువారి చూపు విచిత్రమైనది. సామాన్యునికి పది పిస్తోళ్లు పదియు ఒకటే. వారికి పదియు పది జాతులు. ఏ కర్మాగారము, ఏ సంవత్సరము, వరుస సంఖ్యకు ముందు ఏ అక్షరము, పరీక్షాధికారి ముద్ర ఎక్కడ పడినది, పిడిచెక్క మీది గీతలు ఎటువంటివి - ఈ లెక్కకు అంతు లేదు. వెబ్లీ రివాల్వరే 1887లో బ్రిటిషు సైన్యమున ప్రవేశించి 1915 నాటికి ఆరవ మార్కుకు చేరినది. నడుమ నక్షత్రపు గుర్తులతో ఉపభేదములు వేరు. పిడికెడు కందులు చేతబట్టి ఏ నేలలో పండినవో చెప్పు దలాలి చూపునకును దీనికిని తేడా లేదు. వజ్రములో నలుసును, నూలులో నంబరును పోల్చగల కంటికి వర్తకుల ఇండ్లలో ఎప్పుడును గౌరవమే. ఆ కన్ను ఈ పిల్లవానికి తాతతండ్రుల నుండియే వచ్చినది. పడిన చోటు మాత్రము వేరు.

ఆ కంటికి ఏమేమి కనబడునో కొంత వివరముగా చూడవలెను. లేనియెడల ఇది ఉత్త పిచ్చి అని కొట్టివేయుట సులభమగును.

అమెరికా సైన్యము వాడిన .45 పిస్తోళ్లలో సేకరించువారు తలమానికముగా ఎంచునది కోల్టు కంపెనీ చేసినది కాదు. కుట్టుమిషనుల సింగరు కంపెనీ చేసినది. 1940లో అమెరికా సైన్యము ఆ కంపెనీకి 500 పిస్తోళ్లు చేసి చూపుమని పని అప్పగించినది. సింగరువారు చేసినారు, చక్కగానే చేసినారు. అటుపిమ్మట వారిని ఇతర యుద్ధ పరికరముల పనికి మళ్లించినందున ఆ 500తోనే సరి. అవి అరుదైనవి కనుక నేడు వాటికి అంత గిరాకీ. ఇక రెండవ ప్రపంచ యుద్ధకాలమున ఆ పిస్తోలును అందరికంటె ఎక్కువగా చేసినది టైపు మిషనుల రెమింగ్టన్ రాండు కంపెనీ. ఎనిమిది లక్షలకు పైగా చేసినది. బట్టల కొట్టు అరుగు మీద దర్జీ తొక్కిన మిషను మీదను, దుకాణపు మేడమీద గుమాస్తా ఉత్తరములు కొట్టిన మిషను మీదను ఉన్న పేర్లే ఆ పిస్తోళ్ల మీదను ఉన్నవి. రవికె కుట్టు మిషను వేరు, చంపు మిషను వేరు అని తండ్రి గీసిన గీతను కర్మాగారములు ఎన్నడును గీసుకొనలేదు.

ఎన్ఫీల్డు కర్మాగారపు .38 రివాల్వరులో ఇంకొక చిన్న సంగతి ఉన్నది. 1942లో రెండు నక్షత్రముల గుర్తుతో వచ్చిన రకములో, ఆయుధము చేయిజారి పడినను గుర్రము తూటాను తాకకుండ ఆపు చిన్న ముక్క ఒకటి తీసివేయబడినది. పని త్వరగా సాగవలెను, సంఖ్య పెరగవలెను. యుద్ధము ముగిసిన పిమ్మట ఆ రకములో చాల భాగమును వెనుకకు రప్పించి ఆ ముక్కను మరల అమర్చినారు. రెండు నక్షత్రములను చదువగలవానికి వాటి వెనుక ఒక లెక్క కనబడును: ఒక ముక్క ఖర్చు ఒక తక్కెడలో, దానిని ధరించు సిపాయి తొడ రెండవ తక్కెడలో. ఎవరో ఒక అధికారి తూచి సంతకము చేసినాడు.

జర్మనీ లూగరులలో 1934లో చేసినవానిపై కర్మాగారము పేరు లేదు, సంవత్సరమును లేదు. మౌజరు కర్మాగారమునకు బదులు 'ఎస్/42' అను సంకేతము, సంవత్సరమునకు బదులు 'కె' అను అక్షరము. మరుసటి ఏడు 'జి'. వెర్సాయి సంధిని దాటి ఆయుధములు పెంచుకొనుచున్న సంగతి బయట పడకుండుటకు ఈ ఏర్పాటు. 1936 వచ్చుసరికి భయము తీరినది. సంవత్సరమును బాహాటముగానే కొట్టినారు. ఉక్కుమీద చెక్కిన అసత్యమును, అది అక్కరలేకపోయిన రోజును, రెండింటిని ఒక్క అక్షరము చెప్పుచున్నది.

అన్నిటికంటె పోలండు దేశపు రాడోము కర్మాగారపు పిస్తోలు సంగతి చెప్పదగినది. 1939లో జర్మను సైన్యము ఆ దేశమును ఆక్రమించి, అక్కడి పనివారి చేతనే ఆ పిస్తోలును తమకొరకు చేయించుకొన్నది. పనివారు పగలు యజమానులకు చేసి, దొంగచాటుగా విడిభాగములను తమ దేశపు రహస్య దళములకు చేరవేసినారు. ఇది బయటపడినది. 1942 అక్టోబరులో పనివారిని కొందరిని ప్రజలు చూచుచుండగా ఉరి తీసినారు. ఇకమీదట రాడోములో పూర్తి పిస్తోలు తయారు కాకూడదని గొట్టములను ఆస్ట్రియాలోని స్టెయిరు కర్మాగారమున చేయించి, అక్కడనే కూర్చిరి. ఈ కాలపు పిస్తోలు ఎదుట ఉన్నప్పుడు, గొట్టము ఎక్కడిదని అడుగు సేకరణకారుడు తెలిసియో తెలియకయో ఉరికంబము సంగతి అడుగుచున్నాడు.

తెలిసియో, తెలియకయో. చిక్కంతయు అక్కడనే ఉన్నది. సేకరించువారి జాబితాలలో ఈ తేడాలు 'మొదటి రకము, రెండవ రకము, మూడవ రకము' అని ఉండును. ఎదురుగా ధర ఉండును. ఉరి తీయబడినవాడు ఆ గడులలో ఏ గడికిని చెందడు.

జైన తర్కము చదివినవారికి దీనికి పేరు వెదుకనక్కరలేదు. ద్రవ్యము ఒకటి, పర్యాయములు అనేకము. దోణిమలై ఎర్రరాయిలోని ఇనుము గడ్డపార కావచ్చును, రైలుపట్టా కావచ్చును, తుపాకి గొట్టము కావచ్చును. పర్యాయములను ఎంత సూక్ష్మముగా చూచినను తప్పు లేదు, చూడనివాడే అజ్ఞాని. కాని ఒక నయమును పట్టుకొని తక్కినవి లేవనుట దుర్నయము. పిస్తోలును ముద్రల మొత్తముగా మాత్రమే చూచువాడును, మృత్యువుగా మాత్రమే చూచువాడును ఆ తప్పునే చేయుచున్నారు. తండ్రి ఆ రెండు నక్షత్రములను చూడలేడు. కొడుకు వాటిని దాటి చూడడు.

ఇంతకును తాతగారి రివాల్వరును ఏమి చేయవలెను? ఇచ్చట శాస్త్రము ఒక్కసారిగా మూడు తలుపులు మూసివేయుచున్నది. ఉంచుకొనిన పరిగ్రహము. అమ్మిన నిషిద్ధ వాణిజ్యము. ఊరికే ఇచ్చివేసిన హింసాదానము. సమంతభద్రాచార్యుడు రత్నకరండక శ్రావకాచారమున అనర్థదండములలో దానిని చేర్చినాడు. హింసకు పనికివచ్చు సాధనమును ఇతరుల చేతిలో పెట్టుట, తాను ఏమియు చేయకున్నను, ప్రయోజనము లేని పాపమే.

అమ్మకము సంగతి కొంచెము నిలిచి చూడవలెను. ఎందువలననగా అది కొడుకు కంటె తండ్రికే దగ్గరగా తగులును. హేమచంద్రాచార్యుడు పండ్రెండవ శతాబ్దమున చౌళుక్య ప్రభువు కుమారపాలుని కొరకు యోగశాస్త్రము రచించినాడు. ఆయుధములు లేక రాజ్యమేలలేని రాజు కొరకు రచించినాడని గుర్తుంచుకొనవలెను. అందు శ్రావకుడు విడువవలసిన పదునైదు కర్మాదానములను వివరించుచు, విషవాణిజ్యమను పేరుక్రింద విషముతోపాటు ఆయుధములను చేర్చినాడు. ఆయుధముల ప్రక్కనే నాగలిని, యంత్రమును, ఇనుమును కూడ చేర్చినాడు. పదునైదింటిలో నేలను త్రవ్వి పగులగొట్టు జీవనము వేరుగా ఉన్నది. అనగా కొండను త్రవ్వు గని, దాని ఇనుముతో చేసిన నాగటి కర్రు, ఆ కర్రును అమ్ము దుకాణము - ఇవి అన్నియు ఆ పట్టికలోనే ఉన్నవి. రివాల్వరు ఒక్కటే దానిలో ఒంటరిగా లేదు.

నేటి వర్తక కుటుంబములలో ఇనుము, యంత్రములు, పురుగుమందులు అమ్ముచు పర్యూషణమున అష్టాహ్నికము ఉపవసించువారు లేకపోలేదు. వారిని తప్పుపట్టుట ఇచ్చటి ఉద్దేశము కాదు. గృహస్థునికి ఉద్యోగి హింస, ఆరంభి హింస పూర్తిగా తప్పించుకొనుట సాధ్యము కాదని ఆచార్యులే అంగీకరించినారు. సంకల్పించి చేయు హింసను మాత్రము పూర్తిగా నిషేధించినారు. కాని కొడుకు పెట్టెలోని ఒక్క వస్తువు మీద వ్రేలు చూపునప్పుడు, తన దుకాణపు అరలమీద చూపు పడకుండుట ఎట్లు?

అయిన యెడల మనసు శుద్ధముగా ఉన్నంతవరకు వస్తువుతో పని లేదందుమా? ఈ ప్రశ్నకు సమాధానము దోణిమలై వారికి సులభముగా అర్థమగు దృష్టాంతముతో ఒక ఆచార్యుడు చెప్పి ఉన్నాడు. అనంతపురము జిల్లాలో గుంతకల్లు ప్రాంతమున కొనకొండ్ల అను ఊరు కలదు. బళ్లారికి అది చాల దూరము కాదు. కుందకుందాచార్యుని ఊరు అదియే అని పరంపర చెప్పును. ఆయన సమయసారమున బంధమును గూర్చి చెప్పుచు ఒక మనిషిని చూపును. ఒడలంతయు నూనె పూసుకొని, దుమ్ము నిండిన చోట నిలిచి, ఆయుధములతో సాము చేయుచున్నాడు. చెట్లను నరుకుచున్నాడు. దుమ్ము అతని ఒంటిని అంటుకొనును. ఏల అంటుకొన్నది? ఆయుధము వలననా, సాము వలననా, దుమ్ము వలననా? కాదు, నూనె వలన. నూనె తుడిచివేసికొని అదే చోట అదే సాము చేసిన, ధూళి అంటదు. నూనె అనగా రాగము.

గని వద్ద జీవించువారికి ఈ మాట విప్పి చెప్పనక్కరలేదు. నూనె చేతులతో యంత్రము విప్పినవాని చొక్కా సాయంకాలమునకు ఏ రంగు అగునో ఇంటి ఇల్లాలిని అడిగిన చాలును.

యువకుడు ఈ దృష్టాంతమును తన పక్షమున వాడుకొనవచ్చును. నా మనసులో చంపవలెనను తలపు లేదు, కనుక నాకు దుమ్ము అంటదు అనవచ్చును. కాని నూనె అనునది చంపు కోరిక ఒక్కటే కాదు. ఉమాస్వాతి పరిగ్రహమునకు లక్షణము చెప్పునప్పుడు వస్తువులను లెక్కించలేదు. వస్తువునందు మనసు మైమరచి చిక్కుకొనుటను చెప్పినాడు. 'కె' అక్షరము గల లూగరు ఒకటి ఎక్కడనో ఉన్నదని వినగానే నిద్రపట్టనివాడు ఎవరిని చంపకపోయినను నూనె పూసుకొన్నవాడే. తుప్పు పట్టకుండుటకై వారమునకొకసారి తుపాకికి నూనె వ్రాయుచు, ఆ నూనె ఎవరికి అంటుచున్నదో గమనింపడు.

ఆయుధము పట్టుటయే జైనునికి తగదని కొందరందురు. చరిత్ర అట్లు లేదు. హంపిలో గాణిగిత్తి దేవాలయమని పిలువబడు కుంథునాథ చైత్యాలయమును 1385లో కట్టించిన ఇరుగప్ప దండనాయకుడు హరిహర రాయలకు సేనాని. శ్రవణబెళగొళలో గోమటేశ్వర విగ్రహమును చేయించిన చావుండరాయడు గంగరాజుల సేనాని. వారు కత్తి పట్టినారు. గృహస్థునికి విరోధి హింస వేరని, రక్షణ భారము వేరని శాస్త్రము వారిని సహించినది. కాని ఇరుగప్ప కత్తికి పని ఉన్నది. పని తీరిన పిమ్మట అది ఒరలోనికి పోయెడిది. తాతగారి రివాల్వరునకును రొక్కపు సంచి ప్రక్కన పని ఉండెడిది. మనుమని చేతిలో దానికి ఆ పని లేదు. పని లేని ఆయుధమునకే అనర్థదండము అను మాట సరిగా అతుకును.

ఇచ్చట పూర్వాచార్యుల సూక్ష్మదృష్టికి ఆశ్చర్యపడవలసిన ఒక విషయము ఉన్నది. అనర్థదండ వ్రతమునకు చెప్పిన అతిచారములలో శ్వేతాంబర సంప్రదాయమున 'సంయుక్తాధికరణము' అని ఒకటి కలదు. హింసకు సాధనమగు వస్తువుల భాగములను ఒకదానితో ఒకటి కూర్చి ఉంచరాదు. రోటిలో రోకలి ఉంచరాదు. వింటిని బాణముతో కలిపి పెట్టరాదు. ప్రక్కింటివాడు వచ్చి అడిగిన, వెంటనే వాడుకొనుటకు సిద్ధముగా ఉండరాదు. దిగంబర గ్రంథములలో ఆ చోట 'అసమీక్ష్యాధికరణము' అని, ఆలోచింపక చేయు పని అని ఉన్నది. పేర్లు వేరు, రెండును చేతికిని చేతలకును నడుమ కొంత ఎడము ఉంచుచున్నవి. మనసు శుద్ధముగా ఉన్నదని ఎవడైనను చెప్పుకొనవచ్చును. రోలును రోకలిని వేరుచేయుట మాత్రము కంటికి కనబడును.

రాడోములో గొట్టమును వేరుచేసినవారు భయముచేత వేరుచేసినారు. శ్రావకుడు దానినే వ్రతముగా చేయును.

భారతదేశపు చట్టమును ఇచ్చట కొంత తోడు వచ్చును. 1959 నాటి ఆయుధ చట్టము, లైసెన్సుదారు మరణించిన పిమ్మట వారసుడు తన పేర అనుమతి పొందవలెనని, లేనియెడల ఆయుధమును పోలీసులకో అనుమతి గల వ్యాపారికో అప్పగించవలెనని చెప్పును. ఒక్కొక్కరు మూడు వరకు ఉంచుకొను వీలుండగా, 2019లో చేసిన సవరణ దానిని రెండింటికి తగ్గించినది. సైన్యపు తూటాలు పట్టు పిస్తోళ్లు సామాన్యులకు దొరకవు. బెంగాలులోని ఇషాపూరు కర్మాగారపు 9 మి.మీ. పిస్తోలు వంశావళి కెనడా మీదుగా బెల్జియము వరకు పోవును. సేకరించువారికి అది పెద్ద కథ. కాని దోణిమలై యువకుడు దానిని కాగితము మీదనే చదువుకొనవలెను. అది అతనికి నష్టమని చెప్పలేము. అతడు నేర్చినదంతయు, పైన చెప్పిన సంగతులన్నియు, నోటు పుస్తకములలో నుండియే వచ్చినవి. వాటికి తూటా పట్టదు.

వస్తువును కంటితో చూడవలెనన్నచో హైదరాబాదు సాలార్ జంగు మ్యూజియము ఉన్నది. మూడవ సాలార్ జంగు కూర్చిన వస్తువులతో 1951లో తెరువబడిన ఆ ప్రదర్శనశాలలో ఆయుధముల గది కలదు. అద్దముల వెనుక కత్తులును తుపాకులును వరుసగా ఉన్నవి. పిల్లలు గడియారము గంట కొట్టుట చూచుటకు పరుగెత్తుచు ఆ గది మీదుగా పోవుదురు. అద్దమును ఒక విధమైన ఎడమే.

తాతగారి రివాల్వరునకు మిగిలినది ఒక్క మార్గము. చట్టబద్ధముగా, అధికారులకు తెలిపి, మరల పేలకుండునట్లు దానిని నిర్వీర్యము చేయించుట. అప్పుడు అది ఉంచుకొన్నను ఆయుధము కాదు, ఇచ్చినను హింసాదానము కాదు. ఇది విన్నంతనే సేకరించువాని గుండె జల్లుమనును. గొట్టములో రంధ్రము వేసిన, గుర్రము మొన అరుగదీసిన, ఆ నమూనాకు విలువ ఎక్కడ? ముద్రలు అట్లే ఉండును, సంఖ్య అట్లే ఉండును, చదువవలసినదంతయు చదువవచ్చును. చంపు శక్తి మాత్రము పోవును. దానితోపాటు ధరలో చాల భాగము పోవును. జ్ఞానము కొరకే చేయుచున్నానను యువకునికి ఇందు పోయినది ఏమి? ఏమియు పోలేదని అతడు నెమ్మదిగా చెప్పగలిగిన నాడు ఆ నోటు పుస్తకములను స్వాధ్యాయమనుటకు అడ్డు చెప్పనక్కరలేదు. చేయి వెనుకకు తీసికొన్నచో నూనె ఎంత మందముగా ఉన్నదో అతనికే తెలియును.

అతడు ఒప్పుకొన్నాడనుకొందము. కాగితములు నింపినాడు, పని పూర్తి అయినది. ఇంటికి వచ్చి దానిని తండ్రి ముందు పెట్టి,

"నాన్నగారూ, ఇది ఇక కర్రముక్కతో సమానం. హేమచంద్రాచార్యులవారి పట్టికలో నుంచి దీన్ని కొట్టేసుకోవచ్చు. నాగటి కర్రు కూడా ఆ పట్టికలోనే ఉంది, చూశారా?" అన్నాడు.

తండ్రి చాలసేపు మాట్లాడలేదు. "చూశాను లేరా. మీ తాత కూడా చూశాడు. అందుకే దుకాణంలో మొదట బియ్యం పెట్టాడు. రెండేళ్లు నడిచింది" అని, అంగీ తొడుగుకొని, దుకాణము తాళపుచెవులు తీసికొని వెళ్లినాడు.